ఎనభై గంటలు పనిచేస్తే చాలదు, చూపించాలి

"వారానికి ఇరవై గంటలు పని చెయ్యమంటే అదేమన్నా పెద్ద శిక్షా అన్నా? మనం బుధవారం మధ్యాహ్నానికల్లా ఇరవై గంటలు చేసేస్తాం." ఈమధ్య టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్తే, బిర్యానీ ప్లేట్లతో గరాజ్‌లో నిలబడ్డ మగవాళ్ళ గుంపులో ఈ మాట వచ్చింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌కి పని నిబంధన పెట్టిన కొత్త చట్టం గురించి. దాదాపు అందరూ తలూపారు. అన్నవాడు చెడ్డవాడేం కాదు, మాస్టర్స్‌కి వచ్చిన కుర్రాడికి యాక్సిడెంట్ అయితే గోఫండ్‌మీ పెట్టి, రోజుల తరబడి అందరికీ ఫోన్లు చేసి డబ్బులు పోగుచేసినవాడే.

అతని ప్రశ్నలో న్యాయం ఉంది. పన్నుల సొమ్ముతో వైద్యం చేయించుకునేటప్పుడు ఒంట్లో ఓపికున్నవాళ్ళు పనిచెయ్యాలి అనడంలో నాకూ పెద్ద అభ్యంతరం కనిపించదు. నా గొడవ పనితో కాదు, పని చేశానని మళ్ళీ మళ్ళీ రుజువు చేసుకోవడంతో. ఈ రెండూ ఒకటే అనుకుంటాం కాబట్టి మన గరాజ్ చర్చలన్నీ అక్కడే ఆగిపోతాయి. 2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య ఇన్సూరెన్స్ చట్టం) కింద మెడికెయిడ్‌లోకి వచ్చిన 19 నుంచి 64 ఏళ్ళ వాళ్ళు నెలకి 80 గంటల పనో, చదువో, సేవో చూపించాలి. రాష్ట్రాలు దీన్ని 2027 జనవరి 1 కల్లా అమలు చెయ్యాలి. ఏడాదికోసారి ఉండే రెన్యువల్ వీళ్ళకి ఆరునెలలకోసారి అవుతుంది. చిన్న పిల్లల తల్లిదండ్రులకి, రోగులకి మినహాయింపు ఉంది, కానీ ఆ మినహాయింపు తమకి వర్తిస్తుందని కూడా చాలాచోట్ల వాళ్ళే చూపించుకోవాలి. ఈ చట్టం మొత్తం మీద 2034 నాటికి అదనంగా కోటి మంది ఇన్సూరెన్స్ లేకుండా పోతారని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా, అందులో దాదాపు సగం ఈ పని నిబంధన వల్లే. ఆ యాభై లక్షల మందీ సోమరిపోతులై ఉంటే నేనీ పోస్టు రాయనక్కర్లేదు.

ఆర్కన్సాలో ముందే చూశాం

ఈ ప్రయోగం కొత్తది కాదు. 2018 జూన్‌లో ఆర్కన్సా రాష్ట్రం ఇదే 80 గంటల నిబంధన పెట్టింది. గంటలు ఆన్‌లైన్‌లోనే నమోదు చెయ్యాలి, ఫోన్‌లో చెప్పే వీలు ఆ ఏడాది చివర్లో గానీ రాలేదు. ఆ పోర్టల్ రాత్రి తొమ్మిదికి మూసేసి పొద్దున ఏడింటికి తెరిచేవాళ్ళు. వెబ్‌సైట్‌కి కూడా ఆఫీసు వేళలుంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఏడాదిలో మూడు నెలలు నమోదు తప్పితే ఆ ఏడాది చివరిదాకా కార్డు పోయినట్టే. కొద్ది నెలల్లోనే 18 వేలమందికి పైగా కవరేజీ కోల్పోయారు. 2019 మార్చిలో ఫెడరల్ జడ్జి ఆపేదాకా ఇదే నడిచింది. తర్వాత హార్వర్డ్ పరిశోధకులు లెక్కలు తీస్తే, ఉద్యోగాలు చేసేవాళ్ళ సంఖ్య పెరగనే లేదు. ఆ నిబంధన కిందకి వచ్చినవాళ్ళలో 95 శాతానికి పైగా అప్పటికే పనిచేస్తున్నవాళ్ళో, మినహాయింపు ఉన్నవాళ్ళో. మూడోవంతు మందికి అసలు అలాంటి రూలు ఉందనే తెలీదు.

నా స్నేహితుడొకడు జె-1 వేవర్ మీద అక్కడ ఒక చిన్న ఊళ్ళో డాక్టరు. అమెరికన్ డాక్టర్లు వెళ్ళని పల్లెల్లో మూడేళ్ళు పనిచేస్తే వీసా దారి దొరికే పద్ధతి అది, మనవాళ్ళు చాలామంది అలా వెళ్ళినవాళ్ళే. అమెరికాలో ఎక్కువ వరి పండేది ఆర్కన్సాలోనే. వాడి దగ్గరికొచ్చే షుగర్ పేషెంటొకాయన వరి మిల్లులో పని. కోతల సీజన్లో వారానికి అరవై గంటలు, తర్వాత కొన్ని నెలలు దాదాపు ఖాళీ. ఏడాది మొత్తం చూస్తే ఆయన చాలామంది కన్నా ఎక్కువే పనిచేశాడు, కానీ రూలు నెలకి నెల లెక్క అడిగింది. కార్డు పోయాక ఇన్సులిన్ సగం డోసు వేసుకుంటూ వచ్చాడట. "నేను మందు రాయగలను కానీ గంటలు రాయలేను కదరా" అన్నాడు నా స్నేహితుడు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. సీజన్ పనివాళ్ళకి ఆరునెలల సగటు ఆదాయం చూడాలని కొత్త చట్టంలో ఉంది. ఆ మిల్లు మనిషి బహుశా ఇప్పుడైతే గట్టెక్కేవాడు, ఆ సగటు లెక్క ఎవరైనా కట్టి పంపిస్తే.

జార్జియాది ఇంకో దారి. 2023 జులైలో పని నిబంధనతోనే కొత్త పథకం మొదలుపెట్టి, మొదటి ఏడాది పాతికవేల మంది చేరతారనుకున్నారు. చేరింది నాలుగువేల పైచిలుకు. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పింది, వాళ్ళకి తెలిసిన ఒకావిడ తెలుగిళ్ళల్లో పిల్లల్ని చూసుకుంటుంది, నెలకి ఎనభై కాదు నూటయాభై గంటలు దాటుతుంది. అంతా చేతికి క్యాష్. అప్లికేషన్‌కి పే స్టబ్ (జీతం చీటీ) కావాలన్నారు, లేకపోతే పనిచేయించుకునేవాళ్ళ ఉత్తరం కావాలన్నారు. ఆవిడ రోజూ వెళ్ళే ఇంట్లో అడిగితే వాళ్ళు జంకారు. "ఆంటీ, మేం రాసిస్తే మాకు టాక్స్ ప్రాబ్లం అవుతుంది" అన్నారట. ఆవిడ ఇంకెక్కడా అడగలేదు. "తేరగా తింటున్నారు" అనే మాట మనవాళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

మనకి రాని ఫారాలు

ఇప్పుడు మన సంగతి. ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో ప్రభుత్వం సాయమేం లేదని మనలో చాలామంది నమ్మకం. కంపెనీ కట్టే ప్రీమియం కూడా మన జీతంలో భాగమే, కానీ దాని మీద పన్ను లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జీతాల మీద నియంత్రణ ఉన్నప్పుడు పుట్టి, 1954లో చట్టంలో స్థిరపడిన ఏర్పాటు ఇది. 2024లో కుటుంబ ప్లాన్ సగటు ప్రీమియం 25 వేల 572 డాలర్లు, అందులో ఉద్యోగి వాటా సుమారు 6 వేల 300. అంటే మిగతా 19 వేల పైచిలుకు కంపెనీ కట్టింది, పన్ను పడలేదు. 24 శాతం శ్లాబులో ఉన్న ఐటీ ఉద్యోగికి దాని మీద మిగిలిన ఆదాయపు పన్ను ఒక్కటే నాలుగున్నర వేల డాలర్లు దాటుతుంది. 12 శాతం శ్లాబులో ఉన్న గోడౌన్ పనివాడికి అదే ప్లాన్ మీద అందులో సగం మిగులుతుంది. జీతం పెరిగేకొద్దీ సాయం పెరుగుతుందన్నమాట, దీన్ని మాత్రం ఎవరూ ఉచితం అనరు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. చాలా కంపెనీల్లో నవంబర్లో వచ్చే ఏడాదికి ప్లాన్ ఎంచుకోమని ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ మెయిల్ వస్తుంది, చూడకపోయినా, మర్చిపోయినా, ఇండియా ట్రిప్పులో ఉన్నా, పోయినేడాది ప్లానే కొనసాగుతుంది. మెడికెయిడ్‌లో ఉత్తరానికి జవాబు రాకపోతే కార్డు ఆగిపోతుంది. ఒకే దేశం, ఒకే మతిమరుపు. మర్చిపోతే మనకి కొనసాగుతుంది, వాళ్ళకి ఆగిపోతుంది. న్యాయం గురించి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, ఈ ఒక్క తేడా సరిచేసినా లక్షలమంది కార్డులు నిలబడతాయని నాకు అనిపిస్తుంది. లేఆఫ్ అయినవాళ్ళకి ఈ సంగతి కొంత తెలుసు. ఉద్యోగం పోయాక పాత ప్లాన్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి పేరు కోబ్రా, ఆ కాగితం మీద మొత్తం ప్రీమియం, దాని మీద ఇంకో రెండు శాతం చూసినప్పుడు గానీ ఇన్నాళ్ళూ ఎవరు ఎంత కట్టారో అర్థం కాదు.

పార్టీలో ఆ మాటన్న తమ్ముడి సంగతీ చెప్పాలి, అతను ఎవరో గుర్తుపట్టే వివరాలేం ఇవ్వను. వాళ్ళమ్మగారు గ్రీన్ కార్డు మీద వచ్చారు, ఐదేళ్ళు నిండలేదు. 1996 చట్టం ప్రకారం ఐదేళ్ళదాకా మెడికెయిడ్ లేదు. వృద్ధులకుండే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ కూడా ఐదేళ్ళు నిండాకే కొనుక్కోవాలి, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే అందులో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఒక్కదానికే 2025లో నెలకి 518 డాలర్లు. అందుకని మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల పేరు మీద విడిగా టాక్స్ రిటర్న్ వేయించి, ప్రభుత్వ సబ్సిడీతో కొనుక్కునే ఒబామాకేర్ ప్లాన్ తీసుకున్నారు. ఐదేళ్ళ నిబంధన వల్ల మెడికెయిడ్ దొరకని గ్రీన్ కార్డు వాళ్ళకి, ఆదాయం పేదరిక రేఖ కంటే తక్కువున్నా సబ్సిడీ ఇచ్చే వీలు ఒబామాకేర్ చట్టంలో ఉండేది. ప్రీమియం దాదాపు మొత్తం ప్రభుత్వమే కట్టేది. ఇందులో మోసం ఏమీ లేదు, చట్టం ఇచ్చిందే తీసుకున్నారు. 80 గంటల నిబంధన తెచ్చిన చట్టమే 2026 జనవరి నుంచి ఆ వీలు తీసేసింది. దీని గురించి అతనికి చాలా కోపం. "ఇంత టాక్స్ కడుతున్నాం, మా అమ్మకి మోకాళ్ళ నొప్పికి డాక్టర్ని చూపించుకోవడానికి కూడా లేదా?" అని. ఆ కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది. అదే చట్టంలో ముందు పేజీని మెచ్చుకుని వెనక పేజీని తిట్టడమే అర్థం కాలేదు. వాళ్ళమ్మగారే నయం, "మా ఊళ్ళో కార్డు పట్టుకెళ్తే ఆరోగ్యమిత్ర అన్నీ చూసుకునేవాడు, ఇక్కడ కంప్యూటర్లో అన్నీ మనమే చూసుకోవాలేంటి" అన్నారు. ఆరోగ్యశ్రీ బకాయిల గోల, పెద్ద ఆసుపత్రులు చేర్చుకోకపోవడం ఆవిడకి తెలియక కాదు. రోగి తరఫున ఫారం పట్టుకుని తిరగడానికి ఒక మనిషిని పెట్టారు, ఆవిడ గుర్తుపెట్టుకున్నది అది.

టెక్సాస్ వింత

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని విషయం, ఆ గరాజ్‌లో మేం అంత సీరియస్‌గా చర్చించిన నిబంధన టెక్సాస్‌కి వర్తించనే వర్తించదు. సుప్రీంకోర్టు 2012లో ఒబామాకేర్ తెచ్చిన మెడికెయిడ్ విస్తరణని రాష్ట్రాల ఇష్టానికి వదిలేశాక, ఇప్పటికి 40 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ తీసుకున్నాయి. టెక్సాస్ తీసుకోని పదింటిలో ఒకటి. పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దవాళ్ళు ఎంత పేదవాళ్ళైనా, నెలకి రెండొందల గంటలు పనిచేసినా, ఇక్కడ మెడికెయిడ్ లేదు. పిల్లలున్న తల్లికైనా ఆదాయం పేదరిక రేఖలో ఐదో వంతు కూడా దాటకూడదు. ఇంకో మెలిక చూడండి. ఒంటరి మనిషికి 2025 పేదరిక రేఖ ఏడాదికి 15 వేల 650 డాలర్లు. డాలస్‌లో ఇళ్ళు శుభ్రం చేసుకునే అమెరికా పౌరురాలు ఏడాదికి 16 వేలు సంపాదిస్తే ఒబామాకేర్ ప్లాన్‌కి సబ్సిడీ వస్తుంది. 15 వేలు సంపాదిస్తే ఏమీ రాదు. ఎక్కువ పేదవాళ్ళకి మెడికెయిడ్ ఉంటుందిలే అనుకుని రాసిన చట్టంలో, కోర్టు తీర్పు తర్వాత మిగిలిపోయిన గొయ్యి ఇది.

పోనీ పన్ను కట్టేవాళ్ళకి ఇందులో ఏమన్నా మిగిలిందా అంటే అదీ లేదు. డాలస్ కౌంటీలో ఇల్లున్నవాళ్ళు ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూస్తే సిటీ, స్కూలు పక్కన పార్క్‌లాండ్ ఆసుపత్రికని ఒక లైను ఉంటుంది. 1986 నుంచి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని ముందు చూడాల్సిందే, డబ్బుందా లేదా అని ఆగకూడదు. బీపీ మాత్రకి సాయం చెయ్యని వ్యవస్థే పక్షవాతం వచ్చాక ఐసీయూలో పెడుతుంది, ఆ బిల్లులో కొంత మన ఇంటి పన్నులోంచే వెళ్తుంది.

1966లో షరతు ఎవరికి పెట్టారు

షరతులే వద్దంటావా అని అడుగుతారు. వద్దనను. అమెరికా వైద్య చరిత్రలో నాకు తెలిసిన అతి గొప్ప పని ఒక షరతు వల్లే జరిగింది.

1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌కి వెళ్ళి, మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. అప్పటికి దక్షిణాది ఆసుపత్రుల్లో నల్లవాళ్ళకి వేరే వార్డులు, కొన్నిచోట్ల బేస్‌మెంట్‌లో పడకలు, కొన్నిచోట్ల అసలు ప్రవేశమే లేదు. ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది, ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థ జాతి వివక్ష చూపకూడదని అందులో ఉంది. ప్రభుత్వం ఈ రెండిటినీ ముడిపెట్టింది. మెడికేర్ డబ్బు కావాలంటే వార్డులు కలపాలి, లేకపోతే లేదు. తనిఖీకి మనుషుల్ని పంపింది. నాలుగు నెలల్లోపు సుమారు వెయ్యి ఆసుపత్రులు కలిపేశాయి. పదేళ్ళుగా కోర్టుల చుట్టూ తిరిగినా స్కూళ్ళలో జరగనిది ఆసుపత్రుల్లో వేసవి వచ్చేలోపు జరిగింది. అదే సమయంలో వృద్ధులు చేరకుండా మిగిలిపోకూడదని ఇంటింటికీ మనుషులు తిరిగారు. 1966 జులై 1న పథకం మొదలయ్యేనాటికి దాదాపు కోటీ తొంభై లక్షలమంది అందులో ఉన్నారు.

షరతు ఆసుపత్రికి, వెతుక్కుంటూ వెళ్ళే పని ప్రభుత్వానికి, రోగి చెయ్యాల్సింది వయసు చెప్పడం. విచిత్రం ఏమిటంటే మెడికెయిడ్ కూడా అదే రోజు, అదే చట్టంలో పుట్టింది. కానీ దాన్ని సంక్షేమ సహాయం పొందేవాళ్ళకి ముడిపెట్టి రాష్ట్రాల చేతిలో పెట్టారు, అరిజోనా అయితే 1982 దాకా చేరనే లేదు. ఇప్పటి తేడాలన్నిటికీ వేరు అక్కడే ఉందనుకుంటాను. ఒకే సంతకంతో వృద్ధులకి హక్కు, పేదవాళ్ళకి పరీక్ష.

నాకున్న అనుమానాలు

దొంగలు లేరా అంటే ఉన్నారు. 2023లో అరిజోనాలో బయటపడ్డ మోసం చూడండి, మత్తు మాన్పించే కేంద్రాల పేరుతో ఆదివాసీ అమెరికన్లని ఇళ్ళల్లో పెట్టి, చెయ్యని వైద్యానికి మెడికెయిడ్‌కి భారీగా బిల్లులు వేశారు. అక్కడ రోగులు దొంగలు కాదు, బాధితులు. 80 గంటల ఫారం ఆ ముఠాల్లో ఒక్కణ్ణి కూడా పట్టుకోదు. ఇక "తప్పుడు చెల్లింపులు" అని టీవీలో చూపించే అంకె 2024లో మెడికెయిడ్‌లో సుమారు 5 శాతం, అందులో ఎక్కువ భాగం కాగితాలు సరిగ్గా లేకపోవడం వల్ల వచ్చిందే.

దీనికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే వాదన ఆరెగాన్ నుంచి వస్తుంది. 2008లో ఆ రాష్ట్రం దగ్గర పదివేలమందికి సరిపడా డబ్బే ఉంటే, దాదాపు 90 వేలమంది పేర్లిచ్చారు, లాటరీ తీశారు. దానివల్ల పరిశోధకులకి కవరేజీ వస్తే ఏం మారుతుందో పోల్చి చూసే అవకాశం దొరికింది. రెండేళ్ళ తర్వాత చూస్తే, కార్డు వచ్చినవాళ్ళలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. ఎమర్జెన్సీకి వెళ్ళడం తగ్గుతుందనుకుంటే పెరిగింది. కార్డు ఇస్తే చాలు ఆరోగ్యం వస్తుందనేవాళ్ళు ఈ ఫలితాన్ని మింగాల్సిందే, నేనూ మింగాను. కానీ అదే పరిశోధనలో డిప్రెషన్ బాగా తగ్గింది, ఆసుపత్రి ఖర్చుతో కుప్పకూలే కుటుంబాలు దాదాపు లేకుండా పోయాయి. ఇన్సూరెన్స్ అనేది మొదట డబ్బు భయాన్ని తీసే వస్తువు, మనం కూడా దాన్ని అందుకే కొనుక్కుంటాం. మన ప్రీమియం వల్ల మన కొలెస్ట్రాల్ తగ్గిందా అని మనల్నెవరూ అడగరు. కార్డున్నా చూసే డాక్టరు దొరక్కపోవడం మాత్రం నిజమైన సమస్య. మెడికెయిడ్ డాక్టర్లకి మెడికేర్ కన్నా తక్కువిస్తుంది, నా ఆర్కన్సా స్నేహితుడి ఊళ్ళో స్పెషలిస్టు కావాలంటే రెండు గంటలు డ్రైవ్ చెయ్యాలి. అది ఫారాలు మారిస్తే తీరేది కాదు.

ఆ ఆరెగాన్ కథలో ఇంకో చిన్న అంకె ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లాటరీ గెలిచినవాళ్ళలో చివరికి కార్డు చేతికందింది పదిమందిలో ముగ్గురికి. కొందరికి అర్హత లేదని తేలింది, చాలామంది అప్లికేషన్ తిరిగి పంపనే లేదు. లాటరీ గెలిచి కూడా!

ప్రభుత్వానికి తెలియనిది ఎంత

2023 ఏప్రిల్ నుంచి, కోవిడ్ కాలంలో ఆపిన రెన్యువల్స్ మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, రెండున్నర కోట్లమందికి పైగా మెడికెయిడ్ పోయింది. టెక్సాస్‌లోనే ఇరవై లక్షలు దాటింది. దేశం మొత్తం మీద పదిమందిలో దాదాపు ఏడుగురికి పోయింది అర్హత లేదని తేలి కాదు, ఉత్తరం పాత అడ్రసుకి వెళ్ళడం, ఫారం టైంకి చేరకపోవడం లాంటి కారణాలతో. మధ్యలో ఇంకో సంగతి బయటపడింది. చాలా రాష్ట్రాల కంప్యూటర్లు మనిషి మనిషినీ విడిగా చూడాల్సింది కుటుంబం మొత్తాన్ని కలిపి తీసేశాయి. ఆదాయం పెరిగి తల్లి అర్హత కోల్పోతే, ఇంకా అర్హత ఉన్న పిల్లల్ని కూడా. దాదాపు ఐదు లక్షలమందికి కార్డులు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. గంటల లెక్క పంపడం మర్చిపోయిన మనిషికి కార్డు పోతుంది. ఐదు లక్షలమందిని పొరపాటున తీసేసిన రాష్ట్రాలకి గడువు దొరికింది.

నేను అడిగేది ఒక్కటే. ప్రతి కంపెనీ ప్రతి మూడునెలలకీ తన ఉద్యోగుల జీతాలు రాష్ట్రానికి పంపుతుంది, నిరుద్యోగ భృతి లెక్కల కోసం. పన్నుల వివరాలు ఫెడరల్ ప్రభుత్వం దగ్గరున్నాయి. ఆసుపత్రి బిల్లుల్లో ఎవరికి డయాలసిస్ జరుగుతోందో, ఎవరు గర్భవతో మెడికెయిడ్‌కే తెలుసు, ఆ బిల్లు కట్టేది అదే కదా. ఉన్న సమాచారంతో మనిషిని అడగకుండానే రెన్యువల్ చేసే పద్ధతి ఇప్పటికే చట్టంలో ఉంది, కొన్ని రాష్ట్రాలు దాన్ని బాగా వాడతాయి, కొన్ని పేరుకి వాడతాయి. అర్హత లేదని ప్రభుత్వం చూపించగలిగితే తీసెయ్యనివ్వండి. చూపించలేకపోతే, నా నవంబర్ మెయిల్ లాగే, కార్డు కొనసాగాలి.

దీంట్లో కూడా కన్నం ఉంది, దాచను. కమ్మింగ్‌లో పిల్లల్ని చూసుకునే ఆవిడ ఏ లెక్కల్లోనూ కనపడదు, కంప్యూటర్ దృష్టిలో ఆవిడ ఖాళీగా కూర్చుంది. అలాంటివాళ్ళు చెప్పిన మాటని నమ్మి కార్డు ఇచ్చి, అనుమానం ఉంటే తర్వాత విచారించమంటాను. అప్పుడు అనర్హులు కొందరు ఆరునెలలో ఏడాదో లోపల ఉంటారు, దానికి డబ్బు ఖర్చవుతుంది, అందులో కొంత నా జీతంలోంచే పోతుంది. ఆ ఖర్చుకి నేను ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోనివాళ్ళు ఎంతదాకా ఒప్పుకుంటారో కామెంట్లలో రాయండి.